బెల్లు లేని సైకిలు

సభకు పెద్దగా కూర్చున్న సుబేదార్ మేజర్ మాలిక్ బనారస్ ఖాన్ గారికీ, ఈ బళ్లో షామియానా వేయించి నాకు తలపాగా చుట్టిన మాస్టర్ ఇనాయతుల్లా గారికీ, ముందు వరసలో ఉన్న పెద్దలకూ, తెర వెనక కూర్చున్న అమ్మలకూ అక్కచెల్లెళ్లకూ, కుర్చీలు చాలక ప్రహరీ గోడెక్కి కూర్చున్నవాళ్లకూ, మీ కరమ్ దాద్ సలాములు. ముప్పై నాలుగేళ్లుగా మీ గుమ్మాల ముందు నిలబడి మీ పేర్లు పిలిచినవాణ్ణి. ఇవాళ మైకులో నా పేరు పిలిస్తే నాకే ఎవరో కొత్తవాడిలా వినిపించి, లేవడానికి కాస్త ఆలస్యమైంది. మన్నించాలి.

మీరు నాకు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టైముతో చచ్చానే, అప్పుడు ఒక్కరూ ఇవ్వలేదు, రేపటినుంచి నాకు పొద్దేదో మాపేదో తెలియక్కర్లేదనగా ఇచ్చారు. (నవ్వులు) సంతోషమే. మా ఆవిడ ఇప్పటికే మేకు ఎక్కడ కొట్టాలో చూసుకుందట.

మాలిక్ గారు ఇందాకటినుంచి నన్నో మాట అడుగుతున్నారు, "ఒరే కరమ్ దాద్, రిటైరయ్యావు కదా, ఆ భుజాన సంచి దించవేం?" అని. మాలిక్ గారూ, దించకపోవడానికి కారణం ఉంది. ఇందులో ఇంకా ఒక ఉత్తరం ఉంది. ఢోక్ సరంగ్ ఊరికి నేను ఇవ్వాల్సిన ఆఖరి ఉత్తరం. అది సైన్యంలోకి ఆఫీసర్లను ఎంచే బోర్డు ఉత్తరం.

(సభలో కలకలం)

వెనక్కి తిరగొద్దు. ఇటు చూడండి, నన్ను చూడండి. తెరవైపు ఎవరూ చూడొద్దని చెబుతున్నాను కదా. గోడమీద వాళ్లూ, మీకే. ఎవరి ఉత్తరమో మీకు తెలుసు, ఈ ఊళ్లో ఇప్పుడు బోర్డు కబురు కోసం చూస్తున్నది ఒక్కరే కాబట్టి నేను దాచినా దాగదు. తసవ్వుర్ కూతురు రుబాబ్. ఆ అమ్మాయి పేరు నేను ఇక్కడ చెప్పడం ఆ అమ్మాయి అనుమతితోనే. ఎలాగంటారా, మధ్యాహ్నం నేను వాళ్లింటికి వెళితే తాళం ఉంది. ఇంటిల్లిపాదీ నా కోసమే ఇక్కడ హల్వా చేస్తున్నారు. సరేనని ఇక్కడికి వస్తే బడి గేటు దగ్గరే ఎదురైంది, చేతినిండా నెయ్యి.

"చాచా, వచ్చిందా?" అంది.

"వచ్చింది తల్లీ. చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టు" అన్నాను.

సంతకం పెట్టింది. నేను సంచిలో చెయ్యి పెట్టబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇప్పుడొద్దు చాచా. ఇప్పుడు విప్పితే, నవ్వినా ఏడ్చినా ఇక నీ మాటలు ఎవరూ వినరు. పంతొమ్మిది రోజులు ఆగినదాన్ని, ఒక్క ఉపన్యాసం ఆగలేనా? నువ్వు మాట్లాడేశాక బడి వెనక ఇద్దువుగాని. కాకపోతే కాస్త తొందరగా ముగించు, నీకు మొదలెట్టడమేగానీ ఆపడం రాదని నాన్న చెప్పాడు." (నవ్వులు)

"నా దగ్గరుందని వీళ్లకు చెప్పనా మరి?" అన్నాను.

"చెప్పుకో. పంతొమ్మిది రోజులుగా అందరూ నా మొహం చూసి అదే వెతుకుతున్నారు, చెప్పకపోయినా కనిపెట్టేస్తారు" అని లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ హల్వా కలపడానికి. మాడితే మాత్రం నన్నెవరూ అనొద్దు.

ఈ పంతొమ్మిది రోజుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పదకొండు గంటలకు నా సైకిలు రాళ్లగుట్ట మలుపు తిరిగేసరికి రుబాబ్ వాళ్ల డాబా మీద ఉంటుంది. ఒకరోజు వేరుశనక్కాయలు ఎండబోయడానికి, ఒకరోజు ఎండబోసినవి తీయడానికి, ఒకరోజు తీసినవే మళ్లీ పోయడానికి. నేను తల అడ్డంగా ఊపితే, తనకేం పట్టనట్టు కాకుల్ని అదిలిస్తుంది. పైగా మన ఊరి ఆచారం ఒకటి ఉంది కదా, బోర్డునుంచి తిరిగొచ్చినవాళ్ల పెట్టె ఫలితం వచ్చేదాకా విప్పకూడదని. విప్పితే ప్రయాణం అయిపోయినట్టట. ఎవరు పెట్టారో ఈ ఆచారం, వాళ్లకు బట్టలు బోలెడు ఉండి ఉంటాయి. పాపం ఈ పిల్లకున్న మంచి బట్టలన్నీ ఆ పెట్టెలో పడి, పంతొమ్మిది రోజులుగా ఒకటే ఆకుపచ్చ జత ఉతుక్కుని కట్టుకుంటోంది.

ఆగండి, మాస్టర్‌గారు గడియారం చూపిస్తున్నారు. నా గడియారమే నాకు చూపిస్తున్నారు. (నవ్వులు) ముగిస్తాను మాస్టర్‌జీ. కానీ ఒక్క సంగతి చెప్పకుండా ఈ మెట్లు దిగితే నాకు అన్నం సహించదు. ఆ సంగతిలో మీరూ ఉన్నారు.

మన ఊళ్లో ఇంటికో సిపాయి ఉన్నాడు. హవల్దార్లున్నారు, సుబేదార్లున్నారు, మాలిక్ గారంతటివారున్నారు. కానీ ఆఫీసరుగా వెళ్లాలంటే ఆ బోర్డు ముందు నిలబడాలి, కోహాట్‌లో నాలుగు రోజులు రాయాలి, మాట్లాడాలి, గోడలు దూకాలి, అయ్యాక ఇంటికొచ్చి కూర్చుని నాకోసం ఎదురుచూడాలి. నా ముప్పై నాలుగేళ్లలో అలా గెలిచి వెళ్లినవాళ్లు ఏడుగురు. ఏడుగురూ మగపిల్లలే. బోర్డు ముందుకు రెండుసార్లే రానిస్తారు. రెండోసారి కూడా కాదన్నారంటే ఇక జన్మలో ఆ గేటు తెరుచుకోదు. రుబాబ్‌కు ఇది రెండోసారి. అందుకని ఈ సంచి ఇవాళ నాకు మామూలు కంటే బరువుగా ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మన ఊళ్లో ఒక పద్ధతి ఉండేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మంచి కబురుంటే పోస్టుమాన్ రాళ్లగుట్ట మలుపులోనే బెల్లు మోగించుకుంటూ రావాలి. పెన్షను వచ్చినా, సెలవు మీద కొడుకు వస్తున్నా, బెల్లే. నాకంటే ముందున్న పోస్టుమాన్ నాకు సైకిలుతోపాటు ఆ పద్ధతి కూడా అప్పగించి వెళ్లాడు. బోర్డు ఉత్తరాలు మరి మూసి ఉంటాయి కదా, మంచో చెడో ఎలా తెలుస్తుందంటే, వేళ్లతో. కాదన్న ఉత్తరం ఒకే కాగితం, పల్చగా ఉంటుంది. తీసుకున్నామనే ఉత్తరంలో వైద్యపరీక్ష కాగితాలూ, నింపాల్సిన ఫారాలూ ఉంటాయి, మందంగా ఉంటుంది. వరసగా ముగ్గురి ఉత్తరాలు పట్టుకోగానే చెప్పేశాను, ముగ్గురివీ నిజమయ్యాయి. ఇక నా వేళ్లకు పొగరెక్కింది. చక్వాల్ పోస్టాఫీసులో కూడా చెప్పుకున్నాను, నా చెయ్యి తక్కెడ అని.

ఇరవై మూడేళ్ల కిందట, చైత్రం గాలి దుమ్ములో, తసవ్వుర్ హుస్సేన్ పేరిట ఉత్తరం వచ్చింది. అప్పుడతనికి పంతొమ్మిదేళ్లు. పట్టుకుంటే ఎంత మందం, అంత మందం ఉత్తరం నేనెప్పుడూ పట్టుకోలేదు. రాళ్లగుట్ట మలుపునుంచి వాళ్లింటిదాకా బెల్లు మీంచి బొటనవేలు తియ్యలేదు నేను. ఊరంతా నా వెనక వచ్చింది. తసవ్వుర్ నాన్న హవల్దార్ గారు తుపాకీ తీసి గాలిలోకి మూడుసార్లు పేల్చారు. డోలువాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో నాకిప్పటికీ తెలియదు. పొరుగింటివాళ్లు బెల్లం పంచారు. తసవ్వుర్‌ను భుజాలమీదకెత్తారు. అంతా అయ్యాక ఎవరికో గుర్తొచ్చింది, ఉత్తరం విప్పలేదని. మాస్టర్‌గారి చేతికిచ్చారు, అందరికీ వినబడేలా గట్టిగా చదవమని.

మాస్టర్‌జీ, అప్పట్లో మీ గొంతు మహా బాగుండేది. మసీదు దాకా వినబడేది. (నవ్వులు) మీరు తలదించుకోకండి, ఆరోజు తప్పు మీది కాదు. రెండు వాక్యాలు చదివాకగానీ మీక్కూడా అర్థం కాలేదు.



వాళ్లు తీసుకోలేదు. తసవ్వుర్ హడావిడిలో తన సర్టిఫికెట్ల కట్ట బోర్డులో మరిచిపోయి వచ్చాడు. ఎవరో పుణ్యాత్ములు ఒక్క కాగితం కూడా పోకుండా జాగ్రత్తగా సర్ది, కాదన్న ఉత్తరంతో కలిపి పంపారు. నా వేళ్లు తూచిన మందమంతా మెట్రిక్ సర్టిఫికెట్టూ, పుట్టినతేదీ కాగితమూనూ. భుజాలమీంచి ఆ కుర్రాణ్ణి ఎలా దించారో నేను చూశాను. ఎవరూ పడెయ్యలేదు, మెల్లగానే దించారు. పడేసినా బాగుండేది.

తసవ్వుర్ రెండు నెలలు గుమ్మం దాటలేదు. నేను వాళ్ల వాకిట్లోకి వెళ్లడానికి పదిహేను రోజులు పట్టింది. వెళ్లాను, ముందు వాకిలి ఊడుస్తూ తసవ్వుర్ తల్లి సర్వర్ జాన్ ఆపా ఉంది. ఆపా, నువ్వు తెర వెనకే ఉన్నావని తెలుసు, నేను తప్పు చెబితే ఆపు. కాళ్ల మీద పడబోయాను. చీపురు అడ్డం పెట్టింది. కోప్పడలేదు. ఒకే మాటంది, "తమ్ముడూ, నువ్వు ఉత్తరం తెచ్చిపెట్టు చాలు. సంబరం మేం తెచ్చుకుంటాం."

(తెర వెనకనుంచి: "అన్నాను, నిజమే. మంచినీళ్లు కూడా ఇచ్చాను, అది చెప్పలేదేం?")

ఇచ్చింది, ఇచ్చింది. మంచినీళ్లూ ఇచ్చింది, మజ్జిగ కూడా ఇచ్చింది. (నవ్వులు)

ఆ సాయంత్రమే సైకిలుకున్న బెల్లు విప్పేశాను. మీరంతా ఎవరో ఎత్తుకుపోయారనుకున్నారు, నేనూ అవుననే అన్నాను. పాపం మాలిక్ గారు అనుమానం మీద ఇద్దరు కుర్రాళ్ల చెవులు మెలేశారు. వాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నారు, ఇప్పుడు పిల్లల తండ్రులయ్యారు, వాళ్లకు నా క్షమాపణలు. (నవ్వులు) ఇరవై మూడేళ్లు బెల్లు లేకుండా తొక్కాను. మీ కోళ్లు మూడు నా చక్రం కిందపడ్డాయి, మాలిక్ గారి మేకపోతు నన్నే పడేసింది. అప్పటినుంచీ బోర్డు ఉత్తరం వస్తే, చక్వాల్‌లో నేను పట్టుకోకముందే, సంచిలో వేసేవాడిచేత రెండు అట్టముక్కల మధ్య పెట్టించి దారం చుట్టిస్తాను. మందమో పల్చనో నా వేళ్లకు తెలియకూడదు. తెలిస్తే నా మొహంలో పడుతుంది, నా మొహంలో పడితే మీరు చదివేస్తారు. వీధిలో ఇవ్వను, అంగట్లో ఇవ్వను. ఇంటి వాకిట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఎవరి పేరుంటే వాళ్ల చేతికే ఇచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాను. చాలామంది నన్ను గర్విష్ఠి అన్నారు, మొహం మాడ్చుకుని ఇస్తాడన్నారు. అననివ్వండి అనుకున్నాను.

కాబట్టి ఇప్పుడు ఈ సంచిలో ఉన్నది ఎలాంటిదని నన్నడక్కండి, ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, నాకు తెలియదు. ఇందాక మన కొత్త పోస్టుమాన్ మెల్లగా సంచి తడిమి చూడబోయాడు. చేతిమీద ఒక్కటిచ్చాను. అదే వాడికి నేను ఇచ్చిన శిక్షణ. (నవ్వులు)

తసవ్వుర్, నీతో ఒక మాట. ఇన్నేళ్లలో నువ్వూ నేనూ రోజూ కలుసుకున్నాం, నీ సుజుకీ బాడుగ వ్యానులో నేను వెనక సీట్లో కూర్చుని ఎన్నోసార్లు చక్వాల్ వెళ్లాను, ఆ రోజు సంగతి మాత్రం పోయిన ఏడాదిదాకా మనిద్దరం ఎత్తలేదు. నీకు ఇంకో అవకాశం ఉండేది. రెండోసారి రాయలేదు నువ్వు. ఎందుకు రాయలేదో నన్నెవరూ అడగలేదుగానీ నాకు తెలుసు. మళ్లీ ఆ ఉత్తరం కోసం ఊరంతటి ముందూ ఎదురుచూసే ధైర్యం నీకు మిగల్లేదు. దాన్ని తీసేసింది నేను. ఆ తర్వాత ఈ ఊరినుంచి బోర్డుకు వెళ్లిన ప్రతివాణ్ణీ నువ్వే నీ బండిలో బస్టాండు దాకా దింపావు, ఒక్కడిదగ్గరా బాడుగ పుచ్చుకోలేదు. నువ్వలా దింపి తిరిగొస్తున్నప్పుడల్లా నేను నా సైకిలు పక్కకు ఆపుకుని నీకు దారిచ్చేవాణ్ణి, నీ మొహం చూడలేక.

పోయిన ఏడాది రుబాబ్ మొదటిసారి వెళ్లొచ్చింది. ఉత్తరం వాకిట్లో ఆ పిల్ల చేతికిచ్చి వచ్చేశాను. మీకెవరికీ తెలియలేదు. తొమ్మిది రోజుల తర్వాత తనకు చెప్పాలనిపించినప్పుడు, బావి దగ్గర తన స్నేహితురాళ్లకు తానే చెప్పింది, రాలేదర్రా, మళ్లీ రాస్తాను అని. బిందె ఎత్తుకుని ఇంటికి పోయింది. అంతే. ఆ రాత్రి ఎవరింట్లోనూ ఆ ఊసు కూడా లేదు.

ఆ వారంలోనే తసవ్వుర్ నా పక్కన బండి ఆపాడు. "చాచా, ఎక్కు" అన్నాడు. సైకిలు ఉంది కదరా అన్నాను. "సైకిలూ ఎక్కించు" అన్నాడు. ఎక్కాను.  రాళ్లగుట్ట దాటాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు, "నువ్వలా చప్పుడు లేకుండా ఇచ్చావు చూడు చాచా, అందుకే నా పిల్ల మళ్లీ రాస్తానంటోంది. ఆ తొమ్మిది రోజులు దానివి దానికి దక్కాయి. నాకు తొమ్మిది నిమిషాలు కూడా దక్కలేదు."  గేరు మార్చి, "అవునుగానీ, ఆ బెల్లు ఏం చేశావు?" అన్నాడు. దొంగలెత్తుకుపోయారురా అన్నాను. "చాచా, నేనప్పుడు రెండు నెలలు కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఆ సాయంత్రం నువ్వు మా వీధి చివర కూర్చుని అది విప్పుతుంటే చూశాను" అన్నాడు.

(వక్త తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నారు.)

గడియారం సంగతి నాకు తెలుసు మాస్టర్‌జీ, చూపించక్కర్లేదు. ఆ అమ్మాయి తొందరగా ముగించమంది, నేనేమో ఇంత లాగాను. ముసలివాళ్లకు మైకు ఇవ్వకూడదు.

ఇదిగో, ఇది ఆ బెల్లే. ఇరవై మూడేళ్లు మా ఇంట్లో ఇనప్పెట్టెలో గుడ్డలో ఉంది. పొద్దున తీసి ఆవనూనె పోసి తుడిచాను. మోగుతోందో లేదో చూడలేదు, చూసే హక్కు నాది కాదనిపించింది. ఇప్పుడు నేను ఈ మెట్లు దిగి బడి వెనక్కి వెళతాను. రుబాబ్ వస్తుంది, వాళ్ల నాన్న వస్తాడు. అట్టముక్కలు విప్పి ఉత్తరం ఆ పిల్ల చేతికిస్తాను, ఈ బెల్లు కూడా ఇస్తాను. మోగించాలనిపిస్తే మోగిస్తుంది. అనిపించకపోతే జేబులో వేసుకుని ఇంటికి పోతుంది, ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు చెబుతుంది. ఇందులో మీ పని ఒక్కటే. జిలేబీ వస్తోంది, తినండి. ఎవరూ లేవొద్దు, ఎవరూ తల తిప్పొద్దు, ఆ అమ్మాయి తిరిగొచ్చి ఏమీ చెప్పకుండా కూర్చుంటే ఒక్కరు కూడా మొహంలోకి చూడొద్దు. ముప్పై నాలుగేళ్లు మీ ఇళ్లకు ఎండలో వానలో తిరిగినవాణ్ణి, మీనుంచి నేను అడుగుతున్న వీడ్కోలు కానుక ఇదే. గడియారం కావాలంటే తిరిగి తీసేసుకోండి.

నాకైతే ఆశ ఉంది, దాచుకోవడం దేనికి. ఆ పిల్ల గెలుస్తుందనే నా మనసు చెబుతోంది. కానీ నా మనసు ఇదివరకోసారి ఇలాగే చెప్పింది కాబట్టి, ఈసారి నోరుమూసుకుని ఉత్తరం మాత్రం ఇచ్చి వస్తాను.

నన్ను భరించిన మీ అందరికీ, మీ వాకిళ్లకూ, మజ్జిగ గ్లాసులకూ, చచ్చిపోయిన ఆ మూడు కోళ్లకూ కూడా నా కృతజ్ఞతలు. సంచి ఖాళీ చేసుకోవాల్సిన వేళయింది. నాకు సెలవిప్పించండి. సెలవు.

(కరమ్ దాద్ వేదిక దిగి బడి వెనక్కి వెళ్లారు. తెర పక్కనుంచి ఆకుపచ్చ దుస్తుల్లో రుబాబ్, ముందు వరసనుంచి తసవ్వుర్ హుస్సేన్ ఆయన వెంట వెళ్లారు. జిలేబీ పళ్లేలు వచ్చాయి. మాలిక్ బనారస్ ఖాన్ గారు ఒకటి తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. గోడమీది కుర్రాళ్లతో సహా ఎవరూ తల తిప్పలేదు. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత బడి వెనకనుంచి బెల్లు ఒక్కసారి, బొంగురుగా, మోగింది. ఆగింది. ఆ వెంటనే మళ్లీ మోగింది, ఇక ఆగలేదు. సభలో అప్పటికీ ఎవరూ కదల్లేదు. తెర వెనకనుంచి సర్వర్ జాన్ గారి గొంతు వినబడింది: "ఇక తిప్పండర్రా తలకాయలు.")